గోడ మీది మనిషి ఎటు చూడాలి

డ్రాయింగ్ మేష్టర్లుగా కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న ఇద్దరు ముగ్గురు ఈమధ్య నా దగ్గరికి వచ్చి, అనుభవం మీద నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నారు. ఏ ఏడు ఎక్కడికి బదిలీ అయిందీ, ఏ ఇంక్రిమెంటు ఎందుకు ఆగిందీ రాస్తే చదివేవాడికి ఆవలింతలు, రాసేవాడికి కోపం తప్ప ఏమీ మిగలవు. అందుకని అవన్నీ వదిలేసి, పందొమ్మిదివందల యాభైల్లో నేను చోడవరం హైస్కూల్లో పనిచేస్తున్నప్పుడు వేసిన ఒక బొమ్మ సంగతి రాస్తున్నాను. అది స్కూల్లో వేసింది కాదు. అయినా నా ఉద్యోగమేమిటో నాకు బోధపరిచింది అదే.

కరివేపాకు బతుకు

ముందు మన స్థానమేమిటో తెలుసుకోండి. స్కూల్లో డ్రాయింగ్ మేష్టారు కూరలో కరివేపాకు. లెక్కల మేష్టారికి పోర్షను మిగిలిపోతే మన పీరియడ్ తీసుకుంటాడు. కలెక్టరు గారు వస్తున్నారంటే స్వాగతం బోర్డు మనమే రాయాలి. వార్షికోత్సవానికి నాటకం తెర చిరిగితే మనమే అతకాలి. ఈ పనులకు ఏడవకండి. నేను మొదట్లో ఏడ్చాను, తర్వాత అలవాటైంది. తెర అతుకుతూ నేర్చుకున్న రంగుల సంగతి ట్రైనింగ్‌లో కూడా నేర్చుకోలేదు.

పిల్లల చేత వంకాయ గీయించాను, కూజా గీయించాను, మళ్లీ వంకాయ గీయించాను. చోడవరం చుట్టుపక్కల నా దగ్గర వంకాయ గీయకుండా పెద్దవాడైన మనిషి అరుదు. అందులో తప్పేమీ లేదు. కానీ కాలెండరు బొమ్మ మీద గళ్లు గీసి కాగితం మీదికి ఎక్కించడం మాత్రం నేర్పకండి. అది నేర్చినవాడి చెయ్యి తిరుగుతుంది గాని కన్ను తెరుచుకోదు. ఇన్‌స్పెక్టర్లకు ఆ బొమ్మలే నచ్చుతాయి. మెచ్చుకుంటే మెచ్చుకోనివ్వండి.

హెడ్మాస్టరు గారు అప్పగించిన పాఠం

మా హెడ్మాస్టరు గారు మంచివారే. కానీ ఖాళీగా ఉన్న మేష్టారు కంటబడితే ఆయనకి ఆ రోజు అన్నం సహించేది కాదు. ఒక ఏడు మా చరిత్ర మేష్టారు టైఫాయిడ్‌తో మంచం పట్టారు. మర్నాడే హెడ్మాస్టరు గారు నా గదికి వచ్చారు. ఊరక రారు మహాత్ములు.

"మధ్యయుగాల ఐరోపా, సాంస్కృతిక పునరుజ్జీవనం. రెండు పాఠాలు ఉండిపోయాయండి. వాటిల్లో బొమ్మల గొడవ ఉంది కదా, మీరు లాగించేయండి" అన్నారు.

"చరిత్ర నాకు రాదండీ" అన్నాను.

"డ్రాయింగ్ పిల్లలకి వస్తోందా ఏమిటి? చెప్పడం లేదూ? ఇదీ అంతే."

మద్రాసులో ట్రైనింగ్ అయ్యేటప్పుడు పాత పుస్తకాల కొట్లో కొన్న బొమ్మల పుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది. అందులోంచి రెండు బొమ్మలు తీసి క్లాసులో గోడకు తగిలించాను. రెండూ ఇటలీవే. రెంటిలోనూ మేరీమాత, ఒళ్లో బాలయేసు. మధ్యలో కొన్ని తరాల తేడా.

మొదటిదాంట్లో ఆకాశం లేదు, నేల లేదు, వెనకంతా బంగారం. మేరీమాత తిన్నగా మన కేసి చూస్తూ ఉంటుంది. బట్ట మడతలు పలకలు పేర్చినట్టుంటాయి. ఒళ్లో పిల్లవాడు పిల్లవాడిలా ఉండడు, పొట్టి పెద్దమనిషిలా ఉంటాడు. ఆవిడ పాదాల దగ్గర బొటనవేలంత మనిషి ఒకడు మోకాళ్ల మీద ఉంటాడు. ఆ బొమ్మ వేయించిన దాత ఆయనే. రెండోదాంట్లో కిటికీ ఉంది, కిటికీలోంచి ఏరు, ఏటి అవతల కొండ, కొండ మీదికి దారి కనిపిస్తాయి. పిల్లవాడి తొడ మీద కండ మడత పడింది. తల్లి వాడినే చూస్తోంది. దాత పక్కనే ఉన్నాడు, ఆవిడెంత ఉందో అంతే ఉన్నాడు, ముక్కు మీద పులిపిరితో సహా.

"రెంటిలో ఏది బాగుంది?" అని అడిగాను. రెండోది బాగుందని క్లాసంతా అంది. "దేనికి దండం పెడతారు?" అన్నాను. అందరూ మొదటిదే చూపించారు.

మొదటివాడికి గీయడం చేతకాక అలా గీశాడని రాసే పుస్తకాలున్నాయి. నేను ఒప్పుకోను. ఆ రోజుల్లో చిత్రకారుడికి క్రైస్తవ మఠమే హెడ్మాస్టరు. ఎవరిని పెద్దగా వేయాలో, ఎవరిని చిన్నగా వేయాలో, ఎవరికి ఏ రంగు బట్ట కట్టాలో మఠం చెప్పేది. మఠానికి బొమ్మ కావలసింది చూసి ఆనందించడానికి కాదు, ఎదురుగా నిలబడి మొరపెట్టుకోవడానికి. దేవత పక్కకు తిరిగి కూర్చుంటే మొర ఎవరు వింటారు? మన గ్రామదేవతల విగ్రహాలకి అంతంత కళ్లు పెట్టి, ఎదురుగా చూసేట్టు చేసేది కూడా అందుకే. తర్వాత ఊళ్లు పెరిగాయి, వర్తకులు పెరిగారు, వాళ్లకి తమ ముఖాలూ తమ ఊరి కొండలూ కూడా బొమ్మలో కావలసివచ్చాయి. అలాగని దేవుణ్ణి తీసేయలేదు. దేవుడు నిలబడ్డ చోట నేల వేశారు. ఆ నేల మీద నిలబడ్డవాళ్లంతా ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

ఇంతవరకు చెప్పి తిరిగి చూస్తే హెడ్మాస్టరు గారు గుమ్మంలో ఉన్నారు. "పరీక్షలో పునరుజ్జీవనానికి అయిదు కారణాలు అడుగుతారండీ. దండాల సంగతి అడగరు" అని వెళ్లిపోయారు. అయిదు కారణాలూ బోర్డు మీద రాసి క్లాసు ముగించాను.

ఫోటో లేని మనిషి

ఆ క్లాసులో ఒక పాస్టరు గారి అబ్బాయి ఉన్నాడు. వాడు ఇంటికెళ్లి ఏం చెప్పాడో గాని, మరుసటి వారం పాస్టరు గారు సైకిలు మీద స్కూలుకు వచ్చారు. వెంట మరియమ్మ అనే ఆవిడ ఉంది. నలభై ఏళ్లుంటాయి. మాట్లాడేటప్పుడు మన ముఖం కేసి కాకుండా మన చేతుల కేసి చూస్తుంది.

బుచ్చయ్యపేట దారిలో ఒక చిన్న ఊళ్లో వాళ్ల సంఘం కొత్తగా ప్రార్థనా మందిరం కట్టుకుంది. స్థలం ఇచ్చినవాడు ఈవిడ భర్త దానియేలు. చెరకు రైతు. బెల్లం వండడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. మందిరానికి కప్పు పడకుండానే జ్వరం వచ్చి పోయాడు. మందిరంలో, ప్రసంగ వేదిక వెనక గోడ మీద బొమ్మ వేయించాలనీ, అందులో భర్త ముఖం ఉండాలనీ ఆవిడ కోరిక.

"ఫోటో తెచ్చారా?" అన్నాను.

"ఫోటో నేదు బాబూ. పెళ్లినాడు తీయించుకుందారంటే అనకాపల్లి నుంచి రావలిసినోడు రానేదు. తర్వాత తీయించుకుందారిలే అన్నారాయన. తర్వాత, తర్వాత అని ఇలాగైపోయింది."

పాస్టరు గారు ఏదో అనబోయారు. ఆవిడ ఆపలేదు.

"ముకం మరిసిపోతన్నాను మేష్టారూ. గొంతు గురుతుంది. నడక గురుతుంది. ముకం మాత్రం పొద్దున్న ఒకలాగ, సాయంకాలం ఒకలాగ గురుతొస్తంది. ఇంకో ఏడు పోతే అదీ రాదు. అప్పుడు నానేటి సెయ్యాల?"

ఉద్యోగంలో నన్ను బొమ్మలు వేయమని చాలామంది అడిగారు. ఇలా అడిగినవాళ్లు లేరు. ఒప్పుకున్నాను.

పాస్టరు గారు మాత్రం షరతు పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. "మిషను దొరలున్నప్పుడు గోడ మీద బొమ్మ అనే మాటే లేదండి. నా పూచీ మీద ఒప్పుకుంటన్నాను. బొమ్మ పాఠం సెప్పాలి. మొక్కించుకోకూడదు" అన్నారు. ముగ్గురం కూర్చుని కొండమీది ప్రసంగం వేద్దామని తేల్చాం. మధ్యలో రాతి మీద కూర్చుని యేసు చెబుతుంటాడు, చుట్టూ జనం వింటుంటారు. ఆ వినేవాళ్లలో ఒకడికి దానియేలు ముఖం పెట్టాలి.

లేచి వెళ్లబోతూ మరియమ్మ అంది, "ఒక్కటే అడుగుతాను బాబూ. నా కేసి సూస్తన్నట్టు గియ్యండి."

దానికేం భాగ్యం అనుకున్నాను.

ముఖం ఏరుకోవడం

పోయిన మనిషి ముఖం గీయాల్సివస్తే, ఎలా ఉండేవాడని అడగకండి. మంచి ముఖం అంటారు, కళ గల ముఖం అంటారు. రోజూ చూసిన ముఖాన్ని ఎవరూ గమనించి ఉండరు. మీరే ఏదో ఒక ముఖం గీసి చూపించండి, తప్పు గీసినా ఫరవాలేదు. ఒప్పేదో చెప్పలేనివాళ్లు తప్పును మాత్రం చప్పున పట్టుకుంటారు. మరియమ్మతో అలాగే పని జరిగింది. దవడ దొరికింది, మీసం దొరికింది, చెవులు దొరికాయి. నుదురు, ముక్కు, కనుబొమ్మలు ఎంతకీ కుదరలేదు.

ఆఖరికి ఆవిడే అంది. "మా వదిన అచ్చం ఆయన్లాగే ఉంటాది. చీడికాడలో ఉంటాది. మాతో మాటాడదు."

దానియేలు పుట్టినప్పటి పేరు సింహాచలం. చీడికాడలో హిందూ రైతుల ఇల్లు వాళ్లది. మరియమ్మను చేసుకోవడానికి బాప్తిస్మం తీసుకున్నాడు. తండ్రి గుమ్మం తొక్కొద్దన్నాడు, ఇతను తొక్కలేదు. తండ్రి పోయాక కూడా రాకపోకలు లేవు. అక్క అప్పలనరసమ్మ తమ్ముడి సమాధికి సైతం రాలేదు.

ఒక ఆదివారం నేనే చీడికాడ వెళ్లాను. ఆవిడ వాకిట్లో చింతపండు పిక్క తీస్తోంది. ముఖాన పసుపు, రూపాయి బిళ్లంత బొట్టు. వచ్చిన పని చెప్పాను.

"ఏటి? సచ్చిపోయినోడి ముకం నా ముకంలో ఎతుకుతావా?" అంది.

"అవునమ్మా."

చేతిలో ఉన్న చింతపండు పిక్క తీయడం ముగించింది. తర్వాత చేతులు కడుక్కొచ్చి, పీట వేసుకుని, వెలుతురులో కూర్చుంది. ఎదురుగా ఒకటి, కాస్త పక్కనుంచి ఒకటి గీసుకున్నాను. నేను గీస్తుంటే తొంగి చూసి, "కనుబొమ్మలు నావిలాగ గియ్యకు. ఆడివి కలిసిపోయుంటాయి. మా అయ్యవి అవి" అంది. తల్లి చేతి దెబ్బలు తమ్ముడికి తగలకుండా తను అడ్డం వెళ్లిన సంగతులు రెండు చెప్పింది. నేను సామాను సర్దుకుంటుంటే అడిగింది.

"ఎక్కడెడతారు బొమ్మ? సర్చీలోనా? దేవుడి పక్కనా?"

"పక్కన కాదమ్మా. కాస్త దూరంగా, కింద కూర్చుని వింటున్నట్టు."

"దేవుడున్న గోడే గదా" అంది.

ఆ మాటకి నేను తలూపి వచ్చేశాను. బస్సు తప్పిపోతుందనే ధ్యాస తప్ప మరొకటి లేదు.

కుంకుమ

గోడ సిద్ధం చేసి, పొడిరంగుల్లో జిగురు కలుపుకుని, సెలవుల్లో పని ముగించాను. ఇటలీ వాళ్లు తమ ఊరి కొండలు వేసుకున్నట్టే నేనూ వెనక చీడికాడ కొండలు వేశాను. ఒక పక్క చెరకు తోట. తలపాగాలు, తువ్వాళ్లు, చంకన పిల్లలతో ఆడవాళ్లు. జనమంతా యేసు కేసి చూస్తున్నారు. యేసు జనం కేసి చూస్తున్నాడు. కుడి పక్క, ముందు వరసలో కూర్చున్న దానియేలు ఒక్కడే మెడ మన కేసి తిప్పి, తిన్నగా, రెండు కళ్లతో మనల్ని చూస్తున్నాడు. ఆవిడ అడిగిందని అలా వేశాను. నాకూ అలవాటైన పద్ధతే. ఫోటో స్టూడియోలో కూర్చున్న మనిషి ఎటు చూస్తాడు?

మరియమ్మ వచ్చి చూసింది. "ఆయనే" అంది. తర్వాత బొమ్మ ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది. నాకు గర్వంగా అనిపించింది. ఉద్యోగంలో గర్వపడిన రోజులు నాకు ఎక్కువ లేవు గనక ఇక్కడ రాస్తున్నాను.

మందిరం ప్రతిష్ఠ అయిన కొద్దిరోజులకు అప్పలనరసమ్మ చీడికాడ నుంచి ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. పగలు తలుపులు తీసే ఉంటాయి. లోపలికెళ్లి తమ్ముణ్ణి చూసింది. తమ్ముడు ఆవిణ్ణి చూశాడు. బల్ల లాక్కుని ఎక్కి, బొమ్మ నుదుట కుంకుమ బొట్టు పెట్టింది. మెట్టు మీద కొబ్బరికాయ కొట్టింది. అగరువత్తులు వెలిగించి గోడ పగుల్లో గుచ్చింది.

మర్నాటికి సంగతి ఊళ్లన్నీ పాకింది. పోయిన మనిషి దేవుడి గోడ మీద కూర్చుని, వచ్చిన ప్రతి మనిషినీ చూస్తున్నాడని చెప్పుకున్నారు. జ్వరం పిల్లల్ని ఎత్తుకొచ్చి ఎదురుగా నిలబెట్టారు. అప్పలనరసమ్మ ప్రతి వారం వస్తూనే ఉంది. నేను వెళ్లి చూసేసరికి దానియేలు నుదురంతా కుంకుమ, కనుబొమ్మల మీద పసుపు.

నన్ను ఆశ్చర్యపరిచింది వేరే సంగతి. యేసుకు ఒక్కరూ బొట్టు పెట్టలేదు. గోడకు నడిమధ్య ఉన్నాడు, అందరికంటే వెలుగులో ఉన్నాడు, అయినా ఆయన జోలికి ఎవరూ వెళ్లలేదు. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాట్లాడుతున్నవాణ్ణి మధ్యలో కదపకూడదని ఊరుకున్నట్టు ఊరుకున్నారు. క్లాసులో నేను పిల్లలకు చెప్పిన పాఠం అక్షరాలా అదే. చెప్పినవాడికి గోడ దగ్గర గుర్తు రాలేదు.

సున్నం

పాస్టరు గారు స్కూలుకు వచ్చారు. ఈసారి కూర్చోలేదు. "సున్నం కొట్టించేస్తానండి" అన్నారు.

"మొత్తం బొమ్మా?"

"ఆ ముకం మట్టుకు. వచ్చే నెల పై సంఘం పెద్దలొస్తన్నారు. కుంకుమ సూస్తే ముందు నా ఉద్యోగం పోద్ది. అదెలాగున్నా, కొత్తగా నమ్ముకున్నోళ్లు పదిమందున్నారు. ఆళ్లకి నానేటి సెప్పాలండీ? బొమ్మకి మొక్కొద్దని సెప్పి తీసుకొచ్చేను."

ఆయన వెళ్లాక హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. అన్నీ ఆయనకి తెలిసే ఉన్నాయి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? వంకాయలు గీయించుకోక" అన్నారు. ఆ మాట ఆ పూట నాకు సబబుగానే తోచింది.

మరియమ్మ గడువు అడిగింది. వదినకు తను చెప్పుకుంటానంది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి చీడికాడ అత్తవారి గుమ్మం ఎక్కింది. తిరిగొచ్చి, స్కూలు వరండాలో నా ముందూ పాస్టరు గారి ముందూ నిలబడి జరిగింది చెప్పింది.

"రానిచ్చింది. మంచినీళ్లిచ్చింది. బొట్టెట్టొద్దు వదినా, ముకం తుడిపేస్తారన్నాను. 'నీ దేవుడికి ఎట్టేనా? నా తోడబుట్టినోడికి ఎట్టుకున్నాను. ఆడు బతికుండగా నా సేత్తో ఒక్క పండక్కి ఎట్టనిచ్చేరా?' అంది. నాకాడ మాట నేదు బాబూ."

పాస్టరు గారు నిట్టూర్చారు.

"ఆవిడన్నదాంట్లో తప్పేటుంది?" అంది మరియమ్మ ఆయన కేసి తిరిగి. "నానూ రోజూ ఆ గోడకాడ కూకుని మాటాడతన్నాను. బొట్టెట్టనేదు, అంతే తేడా."

ఈ మాటతో పాస్టరు గారికి ఉన్న భయం రెట్టింపయిందని ఆయన ముఖం చూస్తే తెలిసింది. "అయితే తప్పదమ్మా" అన్నారు.

మెడ తిప్పడం

ఆ రాత్రి పాత పుస్తకం తీసి ఆ రెండు బొమ్మలూ మళ్లీ చూశాను. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఇటలీ వాళ్లు ఎప్పుడో చేసి చూపించారు. మనిషిని గోడ మీంచి తీసేయక్కర్లేదు, కథలోకి తిప్పితే చాలు. కథలో ఉన్నవాడికి బొట్టు పెట్టరు.

మర్నాడు పాస్టరు గారితో చెప్పాను. "సున్నం వద్దండీ. మెడ తిప్పుతాను. యేసు కేసి చూస్తున్నట్టు చేస్తాను."

"తిప్పితే మానేస్తారా?"

"మొరపెట్టుకునేవాళ్లకి ఎదురుగా రెండు కళ్లు కావాలండీ. అవి లేకపోతే గోడ గోడే."

ఆయన ఆలోచించి, పెద్దలొచ్చే లోపల అయితే సరేనన్నారు.

మరియమ్మతో చెప్పడమే కష్టమైంది. విని, ఎప్పటిలా నా చేతుల కేసి చూసింది.

"అయితే నా కేసి సూడరా?"

"చూడడమ్మా. కానీ ముఖం ఉంటుంది."

"సగం ముకం."

"సగం కాదు. ముప్పాతిక కనిపిస్తుంది. సున్నం కొడితే అదీ ఉండదు."

ఆవిడ లేచి కొంగు దులుపుకుంది. "తిప్పండి. ముకం మరిసిపోకుండా ఉంటే సాలు" అంది. అంది గాని, ఆ మాట అనడానికి ఎంత పట్టిందో ఎదురుగా ఉన్న నాకు తెలుసు. ఆవిడ అడిగిందే ఒక్కటి, అదే మేం తీసేసుకుంటున్నాం. నాకు బాధ వేసింది.

పాత తలను చెరిపి, చీడికాడలో పక్కనుంచి గీసుకున్న కాగితం దగ్గర పెట్టుకుని, కొత్త తల వేశాను. ఉన్నమాట చెప్పాలంటే బొమ్మగా అది బాగుపడింది. ఇదివరకు జనంలో కూర్చుని జనంతో లేనట్టుండేవాడు, ఇప్పుడు వింటున్న రైతు అయ్యాడు. కొండలు కూడా ఇంకాస్త వెనక్కి వెళ్లినట్టు కనిపించాయి. పెద్దలు వచ్చి చూసి, చాలా సహజంగా ఉందని మెచ్చుకున్నారు. పాస్టరు గారి ఉద్యోగం నిలిచింది. జ్వరం పిల్లల్ని తేవడం ఆగిపోయింది.

కొత్తవాళ్లకి నేను చెప్పదలుచుకున్నది ఇక్కడ ఉంది. బొమ్మ బాగుపడడం వేరు, దానితో పని ఉన్నవాళ్లకి బాగుండడం వేరు. పునరుజ్జీవనం గురించి రాసే పుస్తకాలు వచ్చిన లాభమే రాస్తాయి. నీడ వచ్చింది, దూరం వచ్చింది, కండ వచ్చింది, నిజమే. గోడ మీంచి తమను చూస్తున్న కళ్లు ఒకనాడు పక్కకి తిరిగిపోతే, అన్నాళ్లూ వాటి ముందు కూర్చున్న ముసలమ్మలు ఏమన్నారో ఏ పుస్తకమూ రాయలేదు. అయిదు కారణాల్లో వాళ్లు లేరు. ఒకరు ఏమన్నారో మాత్రం నాకు తెలుసు.

రంగు పొట్టు లేవలేదు కదా అని చూడడానికి ఒక ఆదివారం వెళ్లాను. ప్రార్థన ఇంకా మొదలు కాలేదు. ఆడవాళ్లు ఎడమ పక్క చాపల మీద సర్దుకుంటున్నారు. అప్పలనరసమ్మ వచ్చింది. మెడ తిప్పాక ఆవిడ రావడం అదే మొదలు. కుంకుమ పొట్లం కొంగున కట్టి ఉంది. గోడ దగ్గరకెళ్లి నిలబడింది. కుడి పక్కకి నడిచింది. మళ్లీ ఎడమ పక్కకి నడిచింది. మెడ వంచి కింద నుంచి చూసింది. తమ్ముడి చూపు ఎక్కడా దొరకలేదు.

"నా కేసి సూడ్డం నేదు" అంది.

పాస్టరు గారు చేతిలో ఉన్న పుస్తకం తెరిచారు.

"బతికున్నప్పుడూ అంతే. అటు తిరిగినోడు మరి మా కేసి తిరగనేదు."

గొంతు పెంచి అనలేదు. అక్కడ జవాబు చెప్పవలసింది పాస్టరు గారు కాదు, నేనూ కాదు, మరియమ్మ. ఆవిడ వల్లనే కదా అటు తిరిగింది. ఏమంటుందోనని అందరూ ఆవిడ కేసే చూశారు.

మరియమ్మ తన చోటులోంచి లేచింది. ముందు వరసలో, గోడ వారగా ఆవిడ రోజూ కూర్చునే చోటు అది.

"ఇలా రా వదినా. ఇక్కడ కూకో."

అప్పలనరసమ్మ కదల్లేదు.

"నాను దినామూ కూకుని సూసుకున్నాను. ఇక్కడికి సూస్తన్నారు. ఇంకెక్కడికీ సూడరు. ఇక్కడ కూకో."

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. అప్పలనరసమ్మ తలెత్తి చాలాసేపు చూసింది. పాస్టరు గారు పాట అందుకోకుండా ఆగారు.

"అవునే, సూస్తన్నాడు" అంది అప్పలనరసమ్మ. కొంగు మీదికి పోయిన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

గోడ మీద పక్కకి తిప్పి వేసిన కళ్లు గదిలో ఏ మూల కూర్చున్నవాళ్లనీ చూడవు. డ్రాయింగ్‌లో అది మొదట్లో చెప్పే పాఠం. ఆ కళ్లు వేసిన చేతులు నావే గనక నాకు మరీ తెలుసు. గుమ్మం పక్కనే నిలబడి ఉండిపోయాను. పాట మొదలైంది. ముందు వరసలో చోటు లేక మరియమ్మ వెనక్కి వచ్చి, కప్పుకి దన్నుగా పాతిన గుంజ వెనక చాప చివర కూర్చుంది. అక్కణ్ణించి బొమ్మ కనిపించదు.